ఏడో రోజుకి లేదు

సమూయేలు వెనక్కి తిరిగి చూశాడు. మెట్ల మీద ఎవరూ లేరు.

ఎడమ పిక్క మీద ఎవరో రాయి పుచ్చుకుని గురిచూసి కొట్టినట్టయింది. భుజాన ఇరవై కిలోల ఎలుకల మేత బస్తా ఉంది. ఆ పూట లిఫ్టు చెడింది. ఎలుకలుండేది నాలుగో అంతస్తులో. లిఫ్టు బాగుపడేదాకా ఆకలి ఆపుకోమని ఎలుకలకు చెప్పడం ఎవరి తరమూ కాదు. "ఎవడ్రా అది!" అని అచ్చం తెనాలి బజారులో పెట్టినట్టే కేక పెట్టాడు. బస్తా జారి మెట్ల మీద దొర్లింది. ఆయన గోడ పట్టుకుని, కుడికాలి మీద నిలబడి, కొట్టినవాడి కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

బ్రిస్బేన్‌లోని ఆ యూనివర్సిటీ భవనం మొత్తంలో ఆ కేక అర్థమయ్యే మనిషి ఇంకొక్కరే ఉన్నారు. మూడో అంతస్తు తలుపు తోసుకుని వసుంధర పరుగున దిగి వచ్చింది. కండరాల మీద పరిశోధన చేసే డాక్టరు. వాల్తేరులో చదివి వచ్చింది. సమూయేలుకి పై అధికారి, వయసులో మాత్రం ఇరవై ఏళ్ళు చిన్న.

"ఎవరు కొట్టారు సామ్యూల్ గారూ?"

"అదేనమ్మా నేనూ చూస్తంది."

ఆమె మెట్టు మీద కూర్చుని, ఆయన ప్యాంటు మడిచి, పిక్క మీద రెండు వేళ్ళు పెట్టి కిందికి జరుపుకుంటూ పోయింది. ఒకచోట వేలికి చిన్న గుంట తగిలి ఆగింది. "ఎవరూ కొట్టలేదు. మజిల్ చిరిగింది. చిరిగినప్పుడు అందరూ ఇలాగే వెనక్కి తిరిగి చూస్తారట. చదవడమే గానీ కళ్ళారా చూడ్డం ఇదే ఫస్ట్ టైమ్," అంది. ఆమె గొంతులో జాలి కంటే కుతూహలమే ఎక్కువ వినిపించింది. సమూయేలు ఏమీ అనుకోలేదు. ఆయనకీ అంతే కుతూహలంగా ఉంది.

ఎందుకంటే ఆ పొద్దున్నే ఆమె ఆరు ముసలి ఎలుకలకు మత్తిచ్చి, వాటి పిక్క కండను సన్నటి పటకారుతో నొక్కి గాయం చేసింది. ముందురోజు గురువారం ఆరు పడుచు ఎలుకలకు అదే పని జరిగింది. ఏడో రోజున వాటిని చంపి, కండ తీసి, కొత్త పోగులు ఎంత మొలిచాయో చూడాలి. ఆ కండను పలచగా కోసి, రంగు వేసి, గాజుపలక మీద నిలబెట్టేది సమూయేలు.

"పొద్దున ఆరు ముసలివి," అన్నాడాయన రెయిలింగు పట్టుకుని కుంటుతూ. "నాతో ఏడమ్మా."

వసుంధర నవ్వింది. అది 1991 మార్చి ఇరవై రెండో తేదీ, శుక్రవారం.

సన్నీబ్యాంక్‌లో ఇంటికి చేరాక జరిగినదానికి మాత్రం బాధ్యత పూర్తిగా భార్య అమృతానిదే. ఆమె ఒక నర్సింగ్ హోమ్ వంటింట్లో అరవై మందికి వండే మనిషి. చిన్న పనులు చెయ్యడం చేతకాదు. "నరం మీద నరం ఎక్కింది, అంతే. లాగితే దిగుద్ది," అని, కర్పూరం వేసి కాచిన నూనె గిన్నెతో వచ్చి, చపాతీ పిండి పిసికినట్టు పిసికింది. సమూయేలు దిండు కొరుక్కుని ఓర్చుకున్నాడు. వద్దనడానికి నోరు రాలేదు. వాళ్ళమ్మా అలాగే పిసికేది, వాళ్ళ నాయనమ్మా అంతే. తెల్లారేసరికి పిక్క గుమ్మడికాయంత అయింది, నలుపు మడమ దాకా దిగింది.

"నేనేం చేశానండీ? ఎప్పుడూ చేసేదేగా!" అంది అమృతం, నోటి మీద చెయ్యి వేసుకుని.

"చిరిగిన గుడ్డని గుంజావే. ఇంకాస్త చిరిగింది."

సోమవారం యూనివర్సిటీ డాక్టరు ఆ నలుపు చూసి ఈల వేశాడు. వాపు తగ్గడానికి మాత్రలు రాశాడు, ఐసు పెట్టుకోమన్నాడు. ఆ తర్వాత ఒక ఫారం తీశాడు. పనిలో దెబ్బ తగిలింది కాబట్టి రూలు ప్రకారం ఇరవై ఒకటో రోజున, అంటే ఏప్రిల్ పన్నెండున, పరీక్ష ఉంటుంది. ఎడమకాలి మీద ఒక్కదాని మీదే నిలబడి మడమ పదిసార్లు ఎత్తాలి. ఇరవై కిలోలు మొయ్యాలి. ఫారంలో ఒక గడి ఉంది. 'కోలుకున్నారా? అవును, లేదు.' లేదు అయితే ఉద్యోగానికి తగరని పర్సనెల్ ఆఫీసుకి పోతుంది. అక్కడ సమూయేలు వయసు చూస్తారు. యాభై తొమ్మిది. తర్వాత జరిగేది చెప్పనక్కర్లేదు, ఒక కేకు కోసి, ఒక గడియారం ఇచ్చి పంపుతారు.

సమూయేలుకి గడియారం అక్కర్లేదు. మైక్రోటోమ్ కావాలి. మైనపు దిమ్మలో కండ ముక్కను పెట్టి, చక్రం తిప్పుతుంటే, కత్తి అంచు నుంచి వెంట్రుకలో పదో వంతు మందాన రిబ్బను దిగుతుందే, ఆ పని ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నాడు. ఇప్పటికీ ప్రతి పలకా సూక్ష్మదర్శిని కింద పెట్టే ముందు, లోపల ఏముందో చూద్దామన్న ఆత్రం చిన్నపిల్లవాడికి ఉన్నట్టే ఉంటుంది. ఇంట్లో కూర్చుంటే ఏం కొయ్యాలి, ఉల్లిపాయలా?

కొడుకు డేనీ సిడ్నీ నుంచి ఫోన్ చేశాడు. పోయిన ఏడాది ఫుట్‌బాల్ ఆడుతూ వాడూ ఇదే పిక్క చింపుకున్నాడు. "త్రీ వీక్స్, డాడ్. ఈజీ. ఐ వాజ్ రన్నింగ్ బై దెన్," అన్నాడు.

"నీకు ఇరవై నాలుగురా," అన్నాడు సమూయేలు.

"సో?"

సమూయేలు ఫోన్ పెట్టేసి, ఐసుకి బదులు ఫ్రీజరులోని బఠాణీల సంచీ పిక్క మీద పెట్టుకుని, దాని కింద ఏం జరుగుతోందో అనుకుంటూ కూర్చున్నాడు.

గురువారం పడుచు ఎలుకల ఏడో రోజు. లిఫ్టు బాగయింది కాబట్టి కర్ర ఊతంతో పని నడిచింది. ఆరింటినీ బాధ తెలియకుండా పంపి, పిక్క కండలు సీసాల్లో వేసి, చీటీలు అంటించాడు. తర్వాత స్టూలు మీద కూర్చుని, పాత బ్యాచ్‌లోని ముసలి ఎలుకల పలకలు నాలుగు రికార్డు పుస్తకంలోకి ఎక్కించాడు. వసుంధర సెమినారుకని అడిలైడ్ వెళ్ళింది, బుధవారం గాని రాదు.

పడుచు ఎలుక కండ ఏడో రోజున చూడముచ్చటగా ఉంటుంది. గులాబీరంగు పోగులు, ప్రతి పోగు నడిమధ్య ఒక నీలం చుక్క, దాని న్యూక్లియస్సు. పాత పోగులకి ఆ చుక్క అంచున ఉంటుంది. నడిమధ్య ఉందంటే అది కొత్తగా మొలిచిన పోగు. ముసలి ఎలుక పలక పెడితే అదంతా ఉండదు. చచ్చిన పోగుల శకలాలు, వాటి చుట్టూ గుంపులు గుంపులుగా నీలం కణాలు. అవే వాపు కణాలు. దెబ్బ తగిలిన చోటికి పరుగెత్తుకొచ్చి, చచ్చినదాన్ని తిని శుభ్రం చేసేవి. పెళ్ళిలో మొదటి బంతి విస్తళ్ళు ఎత్తితేగాని రెండో బంతికి ఆకులు వెయ్యరు. అవి ఊడ్చుకుపోతేగాని కొత్త పోగు మొలవదు. ముసలి కండలో ఆ ఊడ్చేవాళ్ళు ఆలస్యంగా వస్తారు. ఏడో రోజున వసుంధర పటకారు పెట్టిన చోట ఇంకా విస్తళ్ళే కనిపిస్తాయి.

సమూయేలు పుస్తకంలో 'కొత్త పోగులు' అన్న గడిలో 'లేదు' అని రాశాడు. నాలుగు బ్యాచ్‌లు, ఇరవై నాలుగు ముసలి ఎలుకలు, ఇరవై నాలుగు 'లేదు'లు. అన్నీ ఆయన చేతిరాతే, గుండ్రంగా, ముద్దుగా. ఇవాళ ఎందుకో ఆఖరి 'లేదు' రాశాక పెన్ను కింద పెట్టి, వంగి, తన పిక్క నొక్కి చూసుకున్నాడు. గట్టిగా, వేడిగా ఉంది. లోపల ఊడ్చేవాళ్ళు వచ్చారా, ఇంకా దారిలో ఉన్నారా? భయమేసింది. ఇన్నాళ్ళూ ఆ పలకల్లో భయపడవలసిందేదీ ఆయనకు కనిపించలేదు.

పుస్తకం మూసి గోడ మీది క్యాలెండరు చూశాడు. ముసలి ఎలుకల ఏడో రోజు రేపు. శుక్రవారం, మార్చి ఇరవై తొమ్మిది. ఆ గడి ఎర్రరంగులో ఉంది.

"అయ్యో దేవుడా!" అన్నాడు పైకే.

గుడ్ ఫ్రైడే. తారీఖులు లెక్కవేసింది ఆయనే, ముసలివాటి గాయాలు శుక్రవారం పెట్టుకుందామన్నదీ ఆయనే. సెలవని వసుంధరకి తెలుసు. ఎలుకలకు సెలవుల్లేవు, వచ్చి చేసేస్తానని ఆయనే మాటిచ్చాడు. మరి వారం ముందు ఆ మాట ఇచ్చేటప్పుడు 'సెలవు' అనుకున్నాడు గాని 'శుభ శుక్రవారం' అనుకోలేదు. వాళ్ళమ్మ తెనాలిలో ఆ రోజు కత్తిపీట కూడా ముట్టేది కాదు. కూరలు గురువారమే తరిగేసేది. గోడకి మేకు కొట్టనిచ్చేది కాదు. 'ఆయన్ని చంపిన రోజున మనం దేన్నీ చంపకూడదురా' అనేది. సమూయేలు బోలెడు నియమాలు సముద్రంలో వదిలేసి విమానం ఎక్కాడు గాని, ఈ ఒక్కటీ వదల్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం చర్చిలో మూడు గంటల ఆరాధన. సిలువ మీది ఏడు మాటల్లో ఆరో మాట, 'సమాప్తమైనది' అని పాస్టరు చదువుతుంటే సమూయేలుకి నాలుగో అంతస్తులో బోనులు గుర్తొస్తున్నాయి. పక్కన అమృతం మోచేత్తో పొడిచింది.

"ఏందండీ, ఆ కాలు గోక్కోటం?"

"ఎలుకలే."

"కాల్లోనా?"

"ఊరుకోవే, పాస్టరుగారు చూస్తన్నాడు."

శనివారం చేసేద్దామనుకున్నాడు. ఎనిమిదో రోజు, పోనీ, ఒక్క రోజు తేడా, చెప్పుకోవచ్చు. అమృతం కారు నడిపి తీసుకెళ్ళింది. పండగ సెలవులని లిఫ్టు ఆపేసి, తలుపుకి అట్టముక్క తగిలించారు. నాలుగంతస్తులు. సమూయేలు కర్ర పట్టుకుని ఎక్కడం మొదలెట్టాడు. తొమ్మిదో మెట్టు దగ్గర పిక్క పట్టేసింది. అక్కడే కూలబడ్డాడు. చెమటలు పోశాయి.

"నేను పోయి తెచ్చేదా వాటిని?" అంది అమృతం. బల్లిని చూస్తే బిందె మీదేసుకునే మనిషి.

"నువ్వు ఎలకని పట్టుకుంటావా?"

"మూత ఉంటదిగా."

ఆయనకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అడిలైడ్ హోటలు నంబరు జేబులో ఉంది. ఫోన్ చేస్తే వసుంధర ఏమంటుందో తెలుసు, అందుకే చెయ్యలేదు. తప్పే. ఆ సంగతి కూడా ఆయనకు తెలుసు. బోనుల్లో మేతా నీళ్ళూ సెలవులన్నిటికీ సరిపడా గురువారమే పెట్టాడు గనక, ఇంటికొచ్చి పడుకున్నాడు.

ఈస్టరు సోమవారం సెలవు, మంగళవారం యూనివర్సిటీకి సెలవు. బుధవారం ఇద్దరూ లిఫ్టు దగ్గరే ఎదురుపడ్డారు. సమూయేలు దాచిపెట్టకుండా మొత్తం చెప్పాడు.

"పన్నెండో రోజా!" వసుంధర సూట్‌కేసు కింద పెట్టింది. "ఏడో రోజు అంటే ఏడో రోజే కదండీ. హోల్ బ్యాచ్ పోయింది. రెండేళ్ళు పెంచితేగాని ముసలి ఎలుక తయారవదు, మీకు తెలీదా? పోనీ ఒక్క ఫోన్ కాల్?"

"తప్పేనమ్మా."

"గుడ్ ఫ్రైడే రోజు చెయ్యనని ముందే చెప్తే నేను గురువారమే సర్జరీ మొత్తం చేసేదాన్ని. నాకు దాంతో ప్రాబ్లమ్ ఏముంది?" ఆమె కోపంలో కళ్ళు తిప్పేసుకుంది. గొంతు తగ్గించి, "మీకు చెప్పాలి. మీ ఫారంలో సూపర్‌వైజర్ ఒపీనియన్ అడిగితే, నేను సెమినార్‌కి వెళ్ళే ముందే రాసి పంపేశాను. ఈ పోస్టుకి పూర్తిగా ఫిట్‌గా ఉన్న మనిషి కావాలని. పర్సనల్‌గా ఏం లేదు, సామ్యూల్ గారూ," అంది.

దెబ్బ తగిలి ఐదో రోజున రాసిందన్నమాట. పర్సనల్‌గా ఏం లేదనడం నిజమే, ఎలుకల మీద కూడా ఎవరికీ పగ లేదు. సమూయేలుకి కోపం వచ్చింది, మింగాడు. ఎలుకల విషయంలో తప్పు తనదే కాబట్టి నోరెత్తే వీలు లేదు.

"మరి వాటినేం చేద్దామమ్మా?"

"ఏం చేస్తాం. డిస్కార్డ్."

"పారేసేవేగా. కండలు నాకివ్వండి. నా లంచ్ టైములో కోసుకుంటా."

"ఎందుకు?"

"ఊరికే. చూద్దామని."

వసుంధర ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. ఆ 'చూద్దామని' అనే జబ్బు ఆమెకీ ఉంది. "మీ ఇష్టం," అని సూట్‌కేసు తీసుకుంది.

కండలు మైనంలో కుదురుకోవడానికి గురువారం పట్టింది. శుక్రవారం మధ్యాహ్నం అందరూ తినడానికి వెళ్ళాక సమూయేలు మైక్రోటోమ్ ముందు కూర్చున్నాడు. దిమ్మని ఐసు మీద చల్లబెట్టాడు. మొదటి నాలుగు చుట్లూ తుక్కు. ఐదో చుట్టు నుంచి రిబ్బను దిగింది. చిన్న కుంచెతో దాన్ని ఎత్తి, గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో పరిచాడు. ముడతలు వాటంతటవే విచ్చుకున్నాయి. పలకను ఏటవాలుగా నీళ్ళలో ముంచి, రిబ్బను దాని మీదికి ఎక్కేదాకా ఊపిరి బిగబట్టాడు. ఆరబెట్టడం, మైనం కరిగించడం, నీలం, గులాబీ, మళ్ళీ కడగడం. అమృతం కట్టిన టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యలేదు.

పలక పెట్టి కన్ను ఆనించాడు. పటకారు పెట్టిన చోటికి, ఎప్పుడూ విస్తళ్ళు కనిపించే చోటికి జరిపాడు.

ఆగాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. చీటీ చూశాడు. రెండో ఎలుక, మూడో ఎలుక. ఆరూ అయ్యేసరికి మూడున్నర అయింది. తెనాలిలో ఉంటే అరిచేవాడే.

అరవలేదు. ఒక పలక చీటీ మీద తెల్లకాగితం ముక్క అంటించి, కుంటుకుంటూ వసుంధర గదికి వెళ్ళాడు.

"ఒక్కసారి ఇది చూసి చెప్తారామ్మా?"

"ఏంటిది?"

"ముందు చూడండి."

ఆమె విసుగ్గానే సూక్ష్మదర్శిని దగ్గరికి లాక్కుంది. స్క్రూ తిప్పింది. విసుగు పోయింది. "బాగుంది. సెంట్రల్ న్యూక్లియై చూడండి ఎంత నీట్‌గా ఉన్నాయో. పోగులు కాస్త సన్నం, అక్కడక్కడా వాపు కణాలు ఉన్నాయి గానీ... పడుచుది, ఏడో రోజు. గురువారం బ్యాచే కదా?"

సమూయేలు కాగితం ముక్క ఊడదీశాడు.

ఆమె చీటీ చదివింది. పలక చూసింది, మళ్ళీ చీటీ చదివింది. సమూయేలు వైపు చూసిన చూపులో, చీటీలు తారుమారు చేశావా అన్న ప్రశ్న ఉంది. ఆయనకి అర్థమైంది, పౌరుషమూ వచ్చింది. "ముప్ఫై ఏళ్ళలో ఒక్క చీటీ మార్చలేదమ్మా నేను. రోజు మార్చాను. చీటీ మార్చలేదు," అన్నాడు.

"మిగతా ఐదూ?"

"నాలుగు ఇట్టాగే ఉన్నాయి. ఒకటి ఇంకా ఊడ్చుకుంటంది."

వసుంధర వెనక్కి వాలింది. తర్వాత లేచి ల్యాబులోకి వెళ్ళి రికార్డు పుస్తకం తెచ్చింది. బల్ల మీద పరిచి 'లేదు'ల వెంట వేలు నడిపింది. ఇరవై నాలుగు.

"ఏడో రోజు ఎందుకు పెట్టానో తెలుసా? పడుచు ఎలుకల్లో ఏడో రోజుకి బాగా కనిపిస్తుంది కాబట్టి. రెండింటికీ ఒకటే రోజు ఉంటే ఫెయిర్ అనుకున్నాను." తలపట్టుకుని నవ్వింది. "ఫెయిరట!"

"అయితే ముసలి కండ మానుతుందనేగా అర్థం?"

"తొందరపడకండి. ఆరు ఎలుకలు, ఒక్క రోజు. వీటికి ఏడో రోజు ఎలా ఉందో మనం చూడలేదు. పన్నెండో రోజు పడుచువాటితో పోల్చలేదు. మళ్ళీ చెయ్యాలి. పన్నెండు, ఇరవై ఒకటి, ముప్ఫై." ఆమె కళ్ళు మెరుస్తున్నాయి, అడిలైడ్ నుంచి వచ్చిన మనిషి కాదు, ఇంకెవరో. "కానీ ఈ 'లేదు'లు మాత్రం తప్పు. మనం చూసింది ఏడో రోజు ఒక్కటే. దాన్ని దాటి రాసే రైట్ మనకి లేదు. పెన్సిల్ వద్దు, పెన్ను తీసుకోండి. ప్రతిదాని ముందూ 'ఏడో రోజుకి' అని చేర్చి, ఇవాళ్టి డేట్ వేసి సంతకం పెట్టండి."

సమూయేలు కూర్చున్నాడు. ఏడో రోజుకి లేదు. ఏడో రోజుకి లేదు. చిన్న గడుల్లో ఇరికించి ఇరవై నాలుగుసార్లు రాశాడు. రాస్తూ మధ్యలో అడిగాడు.

"వాపు తగ్గే మాత్రలు వేసుకుంటన్నానమ్మా నేను. ఆ ఊడ్చేవాళ్ళని నేనే తరిమేస్తన్నానా ఏంది?"

"ఏమో. నిజంగా నాకు తెలీదు. అది కూడా ఎవరైనా చూడాలి. ఎలుకకీ మనిషికీ చాలా దూరం, మీ డాక్టర్ని అడగండి. సొంత వైద్యం చెయ్యకండి."

"మా ఆవిడకి చెప్పండి ఆ మాట."

ఫారం సంగతి ఆయన ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

ఆ తర్వాతి వారమంతా సాయంత్రాలు వంటింట్లో గట్టు పట్టుకుని మడమ ఎత్తడం సాధన చేశాడు. డాక్టరుకి ఫోన్ చేస్తే, నొప్పి లేకపోతే మాత్రలు మానెయ్యొచ్చన్నాడు, మానేశాడు. అమృతం పప్పు ఎనుపుతూ లెక్క పెట్టేది. నూనె గిన్నె జోలికి పోలేదు. సోమవారం ఒకటి. మంగళవారం కూడా ఒకటే. బుధవారం రెండు. గురువారం రెండున్నర.

"అరని కూడా రాసుకోండి," అంది అమృతం. "అర ఏమన్నా ఊరికే వచ్చిందా?" ఆ రాత్రి ప్రార్థనలో ఆ పిక్క పేరు చెప్పి మరీ వేడుకుంది.

ఏప్రిల్ పన్నెండు. డాక్టరు గదిలో గోడకి చెయ్యి ఆనించి సమూయేలు ఎడమకాలి మీద నిలబడ్డాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగోసారి మడమ నేలని వదిలింది గాని, కండ వణికి మళ్ళీ దిగిపోయింది. డాక్టరు ఇంకో అవకాశం ఇచ్చాడు. మంచివాడే. అప్పుడూ మూడే.

"సారీ, శామ్. కష్టపడ్డావు. వయసు కదా," అన్నాడు ఇంగ్లీషులో. ఫారం ముందుకు లాక్కుని, గడిలో 'లేదు' అని రాశాడు.

సమూయేలు ఆ అక్షరాలను చూశాడు. తనలాగే గుండ్రంగా రాస్తాడు డాక్టరు కూడా. బతిమాలడం ఆయనకి రాదు, దెబ్బలాడటం అసలే రాదు. కానీ రికార్డు రాయడం ముప్ఫై ఏళ్ళుగా వచ్చు.

"డాక్టర్, మీరు రాసింది తప్పనను. కానీ ముందు రెండు మాటలు చేర్చాలి. 'ఇరవై ఒకటో రోజుకి' అని."

"తారీఖు పైన ఉంది కదా?"

"పైన ఉన్నది కాగితం తారీఖు. నేను చెప్పేది కండ తారీఖు. మీరు చూసింది ఇరవై ఒకటో రోజు ఒక్కటే. రేపటిది మీరూ చూడలేదు, నేనూ చూడలేదు."

డాక్టరు పెన్ను పట్టుకుని ఆయన్ని వింతగా చూశాడు. నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి ఆలోచించాడు. "మొదటి రోజు ఎన్ని ఎత్తావు?"

"సున్నా. సోమవారం ఒకటి. నిన్న రెండున్నర. ఇవాళ మూడు."

"రాసుకున్నావా?"

సమూయేలు జేబులోంచి చీటీ తీశాడు. అర కూడా అందులో ఉంది. డాక్టరు దాన్ని ఫారానికి పిన్ను కొట్టి, 'లేదు' ముందు 'ఇరవై ఒకటో రోజుకి' అని చేర్చి, "మీ సూపర్‌వైజర్ సంతకం కావాలి," అని ఇచ్చేశాడు.

ఆ కాగితం పట్టుకుని సమూయేలు లిఫ్టులో మూడో అంతస్తుకి వెళ్ళాడు. వసుంధర కొత్త బ్యాచ్ పట్టిక గీస్తోంది. ఫారం అందుకుని మొదటిసారి గబగబా, రెండోసారి నెమ్మదిగా చదివింది. గడి దగ్గర ఆగింది. పిన్ను కొట్టిన చీటీ పక్కకి తిప్పి అంకెలు చూసింది. ఆమె ముఖం ఎర్రబడింది.

సొరుగు లాగి ఒక ఉత్తరం తీసింది. ఐదో రోజున తను పంపిన ఉత్తరం నకలు. దాన్నీ ఫారాన్నీ పక్కపక్కన పెట్టుకుంది. క్షమించమని అనలేదు. ఫారం కింద తన గడిలో ఏదో రాసింది, నకలు రెండుగా చింపి బుట్టలో వేసింది, ఆపై గోడ మీది క్యాలెండరు అందుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"రీ ఎగ్జామినేషన్ అని రాశాను, పాత లెటర్ వెనక్కి తీసుకుంటున్నానని కూడా. మేత బస్తాలు అప్పటిదాకా స్టోర్సు వాళ్ళే పైకి తెస్తారు. దెబ్బ తగిలిన రోజు నుంచి ఏడు వారాలు. మే పది, శుక్రవారం వస్తుంది." పెన్ను తారీఖు మీద ఆనించి, వెయ్యకుండా ఆగి, తలెత్తి చూసింది. "ముందే చెప్పండి సామ్యూల్ గారూ. ఆ రోజు మీ పండగలేమీ లేవు కదా?"

సమూయేలు వేళ్ళ మీద లెక్క వేశాడు. ఈస్టరు నుంచి నలభయ్యో రోజు ఆరోహణ పండగ, తొమ్మిదో తేదీ, గురువారం.

"లేవమ్మా," అన్నాడు. "పదో తేదీ ఏమీ లేదు. రాయండి."